దిబ్బలంక శాంతి కేసు

ప్రతినిధి బృందం ఇంకా ఖరారు కాకముందే శాంతి కుదిరిపోయిందన్న ఘోరమైన సంగతి సోమవారం ఉదయం నాగవల్లి దేశపు మంత్రివర్గ సమావేశంలో, సరిగ్గా పెసరట్లు వడ్డిస్తుండగా బయటపడింది.

చెప్పినవాడు రక్షణ శాఖ కార్యదర్శి.

"వంతెన మీద ముళ్ళకంచె పీకేశారండీ. మన ఖైదీలు ఇళ్ళకొచ్చేశారు. వాళ్ళ ఖైదీలు వెళ్ళిపోయారు. పొద్దున్నుంచీ గంధవరం వంకాయలు మన సంతలో అమ్ముతున్నారు."

ప్రధాని జగ్గారావు అల్లప్పచ్చడి గిన్నె కింద పెట్టేశాడు. "ఎవరు చేశారీ పని?"

"తెలియదండీ."

జగ్గారావు ఉపప్రధాని పానకాలరావు వైపు చూశాడు. పానకాలరావు జగ్గారావు వైపు చూశాడు. ఒకరి మొహంలో ఒకరు దొంగతనం పసిగట్టడంలో ఇద్దరికీ చాలా ఏళ్ళ అనుభవం ఉంది. ఆ అనుభవంతోనే ఇద్దరికీ ఒకేసారి అసలు భయం పట్టుకుంది. ఈ పని చేసింది అవతలివాడు కూడా కాదు.

జరిగిన యుద్ధం గురించి నాలుగు మాటలు చెప్పాలి. నాగవల్లికీ గంధవరానికీ మధ్య తుమ్మేరు పారుతుంది. ఎండాకాలం నీళ్ళు తగ్గితే నడి ఏట్లో దిబ్బలంక అని ఒక ఇసుక దిబ్బ తేలుతుంది. వానలు పడితే మునుగుతుంది. తేలి ఉన్నంతకాలం అది తమదేనని రెండు దేశాలూ అంటాయి. ఈ ఏడు అనడంతో ఆగలేదు. తుపాకులు పేలాయి, మనుషులు పోయారు, కొందరు అటూ ఇటూ ఖైదీలుగా చిక్కారు. అంతలో తొలకరి వచ్చి దిబ్బలంక మునిగిపోయింది. దేనికోసం కొట్టుకోవాలో కనబడక యుద్ధం దానంతటదే ఆగింది. రెండు దేశాలూ విజయోత్సవం చేసుకున్నాయి.

మిగిలింది శాంతి ఒక్కటే. శాంతి సంతకాలయ్యేదాకా ఖైదీలు ఇళ్ళకు రారు. సంతకాలకు ఒక బృందం వెళ్ళాలి. ఆ బృందానికి నాయకుడెవరన్న దగ్గర పని ఆగింది.

"యుద్ధం గెలిచింది నేను, శాంతి తెచ్చేదీ నేనే," అన్నాడు ప్రధాని. ఆయనది విజయపక్షం.

"విదేశాంగం నాది. ఆయన చేతనైంది గొడవ పెట్టుకోవడం, సర్దేది మేము," అన్నాడు ఉపప్రధాని. ఆయనది మైత్రీపక్షం. ఇద్దరూ కలిస్తేనే ప్రభుత్వం. చలికాలంలో ఎన్నికలు. సంధి చేసుకుని వచ్చేవాణ్ణి వంతెన దగ్గర్నుంచి రాజధాని దాకా ఓపెన్ టాప్ జీపులో ఊరేగిస్తారని అందరికీ తెలుసు. జీపులో నిలబడే చోటు ఒక్కడికే ఉంది.

దీనికి తోడు ఒక చట్టం. కయ్యానికైనా వియ్యానికైనా సమవుజ్జీ ఉండాలని పెద్దలన్నారు. పెద్దలు ఊరికే అన్నదాన్ని మంత్రివర్గం గజెట్‌లో వేసింది. మన తరఫున వెళ్ళే ప్రతి మనిషికీ అవతల అదే హోదా, అదే వయసు, వీలైతే అదే ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి కూర్చోవాలి. జగ్గారావు తన బావమరిదిని చేర్చాడు. పానకాలరావు తన వియ్యంకుణ్ణి చేర్చాడు. గంధవరంలోనూ రెండు పక్షాలున్నాయి గనక అక్కడా ఇద్దరు చేరారు. కవులు చేరారు, మాజీలు చేరారు, మాజీలు కాబోయేవాళ్ళు ముందు జాగ్రత్తగా చేరారు. శ్రావణం వచ్చేసరికి శాంతి బృందం, యుద్ధం చేసిన సైన్యం కన్నా పెద్దదైంది. సైన్యానికి లేని బ్యాండుమేళం కూడా దానికి అమిరింది.

అలాంటి బృందం కోట్లు కుట్టించుకుంటూ ఉండగా ఎవడో శాంతి చేసేశాడు!

న్యాయ సలహాదారు సోమయాజులు లేచి గొంతు సవరించుకున్నాడు. "అధ్యక్షా, ప్రస్తుతం నెలకొని ఉన్నది అనధికార శాంతి. అనుమతి లేకుండా లేపిన మేడ వంటిది. క్రమబద్ధీకరించుటకు నిబంధన లేదు. పడగొట్టి, మరల కట్టవలసినదే."

"పడగొట్టడమంటే?"

"యథాపూర్వ శత్రుత్వ స్థితిని పునరుద్ధరించవలెను. విడుదలైన ఖైదీలను శుక్రవారం నాటికి తిరిగి గంధవరానికి అప్పగించవలెను. అటుపిమ్మట తమరు సగౌరవంగా వెళ్ళి, వారిని విడిపించుకుని రావచ్చును."

'తమరు' అన్నప్పుడు ఆయన ఇద్దరి మధ్యా ఉన్న గోడ వైపు చూశాడు. అందుచేత ఇద్దరికీ ఆ మాట నచ్చింది. పెసరట్లు మళ్ళీ వడ్డించారు.

దోషిని పట్టే పని నీలాద్రికి అప్పగించారు. నిఘా విభాగంలో అంతటి చురుకైనవాడు లేడని పేరు. శాంతి బృందంలో భద్రతా పరిశీలకుడిగా అతనిదీ ఒక పేరుంది. కోటు దర్జీ దగ్గరుంది. కాబట్టి ఈ నేరం అతనికి వ్యక్తిగతంగా కూడా బాధ కలిగించింది.

*

వంతెన కాపలా అధికారి మేజర్ సత్తిరాజు వంకాయల బస్తా మీద కూర్చుని ఉన్నాడు. నీలాద్రిని చూసి లేచి సెల్యూట్ చేశాడు.

"కంచె ఎవరు తీయమన్నారు?"

"పైనుంచండీ."

"పైనుంచి ఎవరు?"

సత్తిరాజు ఇబ్బందిగా నవ్వాడు. "మాది ప్రధానిగారి పక్షం శాఖ కదండీ. ఫోనొచ్చింది. 'మైత్రీపక్షం వాళ్ళు కంచె పీకి ఫొటోలు దిగడానికి బయల్దేరారు, మీరింకా టీలు తాగుతున్నారా?' అన్నారు. మాకు పౌరుషం రాదాండీ? వాళ్ళొచ్చేలోపు మేమే పీకేశాం."

"నిజమో కాదో అవతల శాఖని అడగలేదా?"

"అడిగితే లోకువైపోమూ!"

జైలు సూపరింటెండెంటు మైత్రీపక్షం మనిషి. అతనికీ ఫోనొచ్చింది. విజయపక్షం వాళ్ళు ఖైదీలకు దండలేసి పంపడానికి వస్తున్నారని విన్నాడు. దండల దాకా ఆగకుండా గేట్లు తీసేశాడు.

"ఫోనులో గొంతు ఎలా ఉంది?" అన్నాడు నీలాద్రి.

"సరిగ్గా వినబడలేదండీ. వెనకాల ఎవరో 'నా మంచానికి దోమతెర ఏదీ' అని ఒకటే కేకలు."

నీలాద్రి ఈ ముక్కని మనసులో భద్రపరిచి, దాని అర్థం తర్వాత ఆలోచించవచ్చని వాయిదా వేశాడు.

వంతెన నడిమధ్య, తెల్లగీత మీద, ఒక ఇత్తడి పళ్ళెం ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. అందులో తమలపాకుల తొడిమలు, వక్కపలుకు ఒకటీ రెండూ, అంచున ఆరిన సున్నం. సంతకాలైతే చింపవచ్చు. సాక్షులుంటే బెదిరించవచ్చు. ఈ ఏటికి అటైనా ఇటైనా తాంబూలం పుచ్చుకున్నారంటే మాట ఇచ్చినట్టే. తన పెళ్ళీ అలాగే ఖాయమైంది. ఆ సాయంత్రమే వద్దనిపించినా ఏమీ చేయలేకపోయాడు.

*

అక్కణ్ణుంచి అతను సమవుజ్జీ భవనానికి వెళ్ళాడు. పూర్వం అది ప్రభుత్వ అతిథి గృహం. ఇప్పుడు బృందంలో చోటు గురించి అలిగినవాళ్ళను అక్కడ ఉంచుతున్నారు. గదులు చాలక వరండాలో కూడా మంచాలు వేశారు. సంయుక్త కార్యదర్శి అనసూయ పని రెండు రకాలు. అలిగినవాళ్ళను బతిమాలడం, చేరినవాళ్ళకు గంధవరంలో జోడీ వెతకడం. యుద్ధంలో కూడా గంధవరంతో తెగని ఫోను లైను ఆమె బల్ల మీదిది ఒక్కటే.

నీలాద్రి వెళ్ళేసరికి ఆమె ఫోనులో ఉంది.

"వదినా, మాకు ఇంకో మాజీ మంత్రి తేలాడమ్మా. బట్టతల. పేరు పిలిస్తే చాలు కన్నీళ్ళు పెట్టుకుంటాడు. మీ దగ్గర ఎవరైనా ఉన్నారా?... ఏడవడా? పోనీలే, బట్టతల కలిసింది కదా, అది చాలు. ఉంటా తాయారొదినా."

"శత్రుదేశపు అధికారిణిని వదినా అంటారా?" అన్నాడు నీలాద్రి.

"రోజూ మాట్లాడేదాన్ని శత్రువుగారూ అని పిలిస్తే బాగుంటుందా బాబూ? ఆవిడదీ నా ఉద్యోగమే. అక్కడా ఇలాగే మంచాలట. కూర్చోండి."

కిటికీ అవతల మెట్ల మీద బక్కపల్చటి మనిషి ఒకడు పెరుగన్నం తింటున్నాడు. ఎడమచెయ్యి పళ్ళెం చుట్టూ కంచెలా పెట్టుకున్నాడు, ఎవరో లాక్కుంటారన్నట్టు.

"మా తమ్ముడు చలపతి," అంది అనసూయ. "వాళ్ళ జైల్లో ఉన్నాడు. నిన్ననే వచ్చాడు. అమ్మ పోయాక నేనే పెంచాను. ఇంట్లో ఒక్కడూ ఉండలేనంటే వెంటబెట్టుకొచ్చాను."

"బాగా తిననివ్వండి. శుక్రవారం మళ్ళీ అప్పగించాలి."

అనసూయ చెయ్యి రిసీవరు మీద ఆగింది. "మళ్ళీనా?"

"కొద్దికాలమే. బృందం ఖరారు కాగానే విడిపించుకొస్తారు."

"బృందం," అంది ఆమె.

మెట్ల మీంచి చలపతి తల తిప్పకుండానే అడిగాడు. "అక్కా, ఇంకొంచెం పెరుగుందా?"

అప్పుడే లోపలి గదిలోంచి ఒక గంభీరమైన గొంతు లేచింది. "నా మంచానికి దోమతెర ఏదీ? రాజీనామా చేస్తాను!"

నీలాద్రి ఉలిక్కిపడ్డాడు. ఈ మాట ఎక్కడో విన్నాడు. గుర్తు చేసుకోబోతుండగా మరో సందేహం దాన్ని తోసేసింది. "అవునమ్మా, నా జోడీ ఎవరు? గంధవరం వాళ్ళ భద్రతా పరిశీలకుడు నాకన్నా సీనియరా?"

"ఒక ఏడాది జూనియరే. తాయారుని అడిగి కనుక్కున్నాను."

నీలాద్రి తృప్తిగా లేచాడు.

*

మంగళవారం వార్త ఊళ్ళో పొక్కింది. జనం దండలు పట్టుకుని రోడ్ల మీదికొచ్చారు. దండ వేయడానికి మెడ దొరకలేదు. 'శాంతి చేసిన మహానుభావుడికీ' అని ఒకడు అరిస్తే 'జై' అన్నారు. పేరు ఎవరికీ తెలియదు. జీపుకు పూలు కట్టి వంతెన దగ్గర ఖాళీగా నిలబెట్టారు. ఈ మహానుభావుడు ఏ గుర్తు మీద నిలబడినా గెలుస్తాడని నిఘా విభాగం నివేదిక ఇచ్చింది.

ఆ నివేదిక చేరిన కాసేపటికి ప్రధాని జగ్గారావు స్వయంగా నీలాద్రి ఆఫీసుకు వచ్చి, రెండు చేతులూ ముందుకు చాపాడు.

"నేరం నాదేనయ్యా. అంతరాత్మ ఊరుకోలేదు. చేసేశాను. బేడీలు వెయ్యి. ఆగాగు, ఫొటోవాళ్ళు రానీ."

నీలాద్రి బేడీలు వెతుకుతుండగా ఉపప్రధాని పానకాలరావు తలుపు తోసుకొచ్చాడు.

"ఆయన శాంతి చేశాడా? ఇంట్లో వంటవాడితోనే పడదు ఆయనకి! నీలాద్రీ, ప్రధాన నేరస్థుణ్ణి నేను. మిత్రపక్షం గనక, కావాలంటే ఆయన్ని సహాయ నేరస్థుడిగా రాసుకో."

"నేను సహాయమా? ఈ ప్రభుత్వంలో ఏ ఘోరం జరిగినా దానికి మొదటి బాధ్యుణ్ణి నేనేనయ్యా!"

"అది దేశమంతా ఒప్పుకుంటుందండీ. శాంతి సంగతి మాట్లాడండి."

సాయంత్రానికి బావమరిది నేరం ఒప్పుకున్నాడు. వియ్యంకుడు ఒప్పుకున్నాడు. కవులు పద్యాల్లో ఒప్పుకున్నారు. శాంతి బృందంలో ఉన్నవాళ్ళందరూ, లేనందుకు అలిగినవాళ్ళూ, నిఘా విభాగం ముందు వరుస కట్టారు. దర్జీ దగ్గర్నుంచి నేరుగా వచ్చినవాళ్ళ కోట్ల మీద సుద్దముక్క గీతలు ఇంకా ఉన్నాయి. ఎవణ్ణి పట్టుకోవాలో తెలియని కేసులు నీలాద్రి చూశాడు. ఎవణ్ణి వదలాలో తెలియని కేసు ఇదే మొదటిది.

ప్రభుత్వం వెంటనే నేరస్థుల ఎంపిక సంఘాన్ని వేసింది. అందులో రెండు పక్షాల వాళ్ళూ సమానం. మర్నాటికి గంధవరం నుంచి తాఖీదు వచ్చింది. తమ దగ్గర కూడా నేరస్థులు పెద్ద సంఖ్యలో ముందుకొస్తున్నారనీ, ఇటువంటి కుట్ర ఒక చేతితో జరిగేది కాదు గనక, తమ నేరస్థుడికి హోదాలో సమానమైన నేరస్థుణ్ణే నాగవల్లి ఎంపిక చేయాలనీ దాని సారాంశం. నేరస్థులకు జోడీలు చూసే పని అనసూయకు అదనంగా అప్పగించారు. నీలాద్రి వెళ్ళేసరికి మొదటి ముద్దాయి, రెండో ముద్దాయి హోదాల దగ్గర అలిగి కొత్తగా మరికొందరు మంచాలెక్కారు.

నీలాద్రి చివరికి తన తెలివి ఉపయోగించాడు. సంఘం ముందు ముద్దాయిలందర్నీ ఒకే ప్రశ్న అడిగాడు. "తాంబూలం పుచ్చుకున్నారు కదా. ఏది?"

జగ్గారావు తన తాంబూలం పూజగదిలో భద్రంగా ఉందన్నాడు. పానకాలరావుది బ్యాంకు లాకర్లో ఉందట. గంటలో ఇద్దరూ తెప్పించారు, వెండి పళ్ళేల్లో. మిగతావాళ్ళూ తెప్పించారు. రాజధానిలో తమలపాకులు అయిపోయాయి. సమావేశ మందిరం పచ్చగా, ఘాటుగా, పెళ్ళివారిల్లులా అయింది.

"అన్నీ తాజాగా ఉన్నాయే," అన్నాడు నీలాద్రి.

"శాంతి మహిమ," అన్నాడు ప్రధాని.

*

గురువారం సాయంత్రం దాకా సంఘం కూర్చుంది. దోషి ఎవరో తేలలేదు. మర్నాడే ఖైదీలను పంపాల్సిన రోజు. అప్పుడు సోమయాజులు మళ్ళీ లేచాడు.

"అధ్యక్షా, సంబంధం తప్పిపోయినప్పుడు తాంబూలములు తిరిగి ఇచ్చివేయుట మన ఆచారం. ఈ పళ్ళెములలో ఏదో ఒకటి, ఖైదీలతో పాటు గంధవరమునకు పంపినచో శాంతి రద్దగును. ఎవరు చేసినదీ అను ప్రశ్నయే ఉదయించదు. మరల మొదటినుంచి, పద్ధతి ప్రకారం..."

నాకు రాని కీర్తి నీకెందుకు రావాలన్న ఒక్క విషయంలో రెండు పక్షాలకూ భేదాభిప్రాయం లేదు. ఆ ప్రభుత్వం పుట్టాక మొదటిసారిగా ఒక తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

బయట ఆవరణలో లారీలు వచ్చి నిలబడ్డాయి. ఖైదీలను వీధివీధినా వెతికి తెచ్చి ఎక్కిస్తున్నారు. ఒకడి సగం గీసిన గడ్డం మీద సబ్బునురుగు ఆరుతోంది. చలపతిని ఎవరూ తీసుకురానక్కర్లేకపోయింది. తనే నడిచొచ్చి, లారీలో మూలకు జరిగి, మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. తక్కువ చోటులో సర్దుకోవడం బాగా అలవాటైనవాడిలా ఉన్నాడు.

తాంబూలం తిరిగి వస్తోందని గంధవరానికి కబురు చెప్పాలి గనక జగ్గారావు అనసూయను పిలిపించాడు.

ఆమె కిటికీలోంచి లారీల వైపు ఒకసారి చూసింది. తర్వాత బల్ల మీది పళ్ళేలన్నీ వరసగా చూసుకుంటూ వచ్చింది. ప్రధాని చూపించిన కుర్చీలో కూర్చోలేదు.

"ఇందులో ఏది పంపుతారండీ?" అంది. "ఏదీ అది కాదు. ఆ పని చేసింది నేను.

"నీలాద్రి బాబూ, వరసలో వెనక్కి నిలబడమనకండి. నేను ఊరేగడానికి రాలేదు. వంతెనకి ఫోను చేసిందీ, జైలుకి ఫోను చేసిందీ నేనే. అబద్ధం ఒక్కటే చెప్పాను, రెండు చోట్లా అదే చెప్పాను: అవతలి పక్షం ముందే బయల్దేరిందని. గంధవరంలో తాయారూ అదే చెప్పింది. ఇక్కడ ఏ ఫైలు కదలాలన్నా నేను చెప్పే మాటే అది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఎవరూ అవతలివాళ్ళని అడిగి చూడలేదు. ఈసారీ అడగరనుకున్నాను. అడగలేదు.

"ముందు నాకూ ఆ ఉద్దేశం లేదండీ. మీరు మనుషుల్ని చేరుస్తూ పోయారు, నేనూ తాయారూ జోడీలు చూస్తూ పోయాం. ఒకరోజు జోడీ కుదరక తాయారుకి విసుగొచ్చి, 'వదినా, అసలు ఈ దేశాల్లో సరిగ్గా సమవుజ్జీలం మనిద్దరమే కదే' అంది. అవునండీ. అదే హోదా, అదే వయసు, అవే మంచాలు. మా తమ్ముడు వాళ్ళ జైల్లో, ఆవిడ మేనల్లుడు మన జైల్లో. చట్టానికి ఇంకేం కావాలి? ఆదివారం వంతెన మధ్యకి నేను ఇటునుంచి వెళ్ళాను, ఆవిడ అటునుంచి వచ్చింది. కాపలావాళ్ళు పీకిన కంచె పక్కన ఫొటోలు దిగుతున్నారు, మమ్మల్ని చూసినవాడు లేడు. పళ్ళెం మా ఇంట్లోదే, కేసయ్యాక ఇప్పించండి. దిబ్బలంక ఎవరిదో వచ్చే ఎండాకాలం తేలినప్పుడు చూసుకుందాం అనుకున్నాం. లేని దిబ్బ కోసం ఉన్న పిల్లల్ని అట్టేపెట్టుకోవద్దనుకున్నాం. అంతే శాంతి. ఆకు చిలకలు చుట్టుకునే లోపల అయిపోయింది.

"తాంబూలం వెనక్కిచ్చేయమంటున్నారు. ఎక్కణ్ణుంచి తెచ్చివ్వనండీ? అక్కడే నిలబడి నమిలేశాం, ఇద్దరం. వక్క కొంచెం వగరుగా ఉంది గానీ నోరు బాగా పండింది. నమిలిన తాంబూలం తిరిగిచ్చే ఆచారం ఉంటే సోమయాజులుగారు చెప్పాలి.

"కాదూ, యుద్ధం మళ్ళీ మొదలుపెట్టాల్సిందేనంటారా? మొదలుపెట్టండి. వద్దనడానికి నేనెవర్ని? కాకపోతే ఈసారి పద్ధతిగా జరగాలి. యుద్ధం మొదలైందని గంధవరం వెళ్ళి చెప్పి రావడానికి కూడా ఒక బృందం ఉండాలి కదా. దానికి నాయకుడెవరో, ఎవరెవరు వెళ్ళాలో, మీరిద్దరూ కూర్చుని తేల్చండి. తేలాక నాకు కబురు పెట్టండి. అంతవరకూ ఆ లారీల్లో కూర్చున్నవాళ్ళని దిగి ఇళ్ళకెళ్ళమని చెబుతున్నాను. జోడీలు నేను చూస్తాను."